కోళ్ల షెడ్డులో పెళ్లి సోఫా

సత్యమ్మకు అడగడం రాదు. ఇది నేను వెనకాల చెబుతున్న చాడీ కాదు, ఆమె మొహం మీదే చాలాసార్లు అన్న మాట. పెట్టడం వచ్చు. తిట్టడం అంతకన్నా బాగా వచ్చు. షెడ్డు నిండా ఉన్న పిల్లల్ని ఒక్క కేకతో పడుకోబెట్టడం వచ్చు. కానీ ఎవరైనా ఎదురుగా కూర్చుని "మీకేం కావాలి?" అంటే మాత్రం నోరు పెగలదు. "ఏం వద్దు, మంచిగనే ఉన్నం" అంటుంది. అలాంటి మనిషి గ్రాంటు కోసం రాయడం నేర్చుకోవలసి వచ్చింది. పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను కాబట్టి ఆ ముచ్చట చెప్పే హక్కు నాకుంది.

గౌడవెల్లి ఊరు దాటాక గండయ్యగారి పాత కోళ్ల ఫారం ఉంది. ఆయనకు ఒకప్పుడు కోళ్లు, ఇప్పుడు ప్లాట్లు, మధ్యమధ్యలో రాజకీయాలు. కోళ్లు పోయాక ఖాళీగా పడి ఉన్న షెడ్డును సత్యమ్మ అడిగి తీసుకోలేదు. ఒకరోజు చీపురు పట్టుకుని వెళ్లి ఊడ్చేసింది, అంతే. గండయ్య వచ్చి చూసేసరికి ఐదారుగురు పసివాళ్లు చాపల మీద నిద్రపోతున్నారు. లేపడానికి మనసు రాక ఆయన చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లిపోయాడట.

అంతకుముందు సత్యమ్మ తాపీ పనుల్లో కూలి. మేడ్చల్ చుట్టుపక్కల లేచిన అపార్టుమెంట్లలో సగానికి ఇటుకలు మోసింది తనేనంటుంది. సగం కాకపోయినా కొన్నింటికి మోసే ఉంటుంది, ఆమె మోకాళ్లను చూస్తే తెలుస్తుంది. ఆమె పిల్లలు ఇసుక కుప్పల మీదే పెరిగారు. మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చున్నాక, ఫ్యాక్టరీలకు వెళ్లే ఇరుగుపొరుగు ఆడవాళ్లు "జర సూడక్కా" అంటూ బిడ్డల్ని ఆమె దగ్గర దింపడం మొదలుపెట్టారు. ఇల్లు చాలక షెడ్డు. తరవాత ఎవరో చెబితే నలుగురు ఆడవాళ్లతో కలిసి ఒక మహిళా సంఘంగా రిజిస్టరు కూడా చేయించింది.

ఇక నా సంగతి. పేరు చలపతిరావు, మాది భీమవరం దగ్గర. సనత్‌నగర్‌లో ఒక పంపుల కంపెనీలో టెండర్లు రాసి రాసి రిటైరయ్యాను. మేడ్చల్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని ఏళ్లు గడుస్తున్నా ఈ చుట్టుపక్కల అందరికీ నేను ఆంధ్రా సారునే. కిరాణా కొట్టువాడు ఇప్పటికీ "ఊరికి ఎప్పుడు పోతున్రు సారూ?" అంటాడు. ఈ ఇల్లు తప్ప నాకు ఇంకో ఊరెక్కడుందని లోపల్లోపల ఉడుక్కుంటాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తన బిడ్డను సత్యమ్మ దగ్గర వదిలి వచ్చేది. "ఇంట్లో కూర్చుని నన్ను వేపుకు తినకపోతే ఆ పిల్లలకు ఈ పాత బొమ్మలైనా ఇచ్చి రాకూడదూ" అని మా ఆవిడ తోలితే వెళ్లాను. వెళ్లినవాణ్ణి మళ్లీమళ్లీ వెళ్లాను.

ఆ షెడ్డుకు ఉన్నవి సిమెంటు రేకులు. కోళ్ల కోసం వేసినవి. నడుమెత్తు గోడ, పైన ఇనప వల, దానికి సత్యమ్మ కట్టిన గోనెపట్టాలు. చలికాలం బాగానే ఉంటుంది. కిందటి మే నెలలో అన్వేష్ అనే పిల్లవాడు ఎండదెబ్బకు స్పృహ తప్పాడు. ఆసుపత్రిలో కోలుకున్నాడు. కానీ సత్యమ్మ ఆ రోజే తేల్చేసింది: వచ్చే ఎండలకు కప్పు మారకపోతే షెడ్డు మూసేస్తానని. మూసేస్తే ఆ పిల్లలు ఎక్కడికి వెళతారో ఆమెకు తెలుసు. తల్లుల వెంట మళ్లీ ఇసుక కుప్పల మీదికే.

చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలవాళ్లకు గ్రాంటు ప్రపోజల్ రాయడం శామీర్‌పేటలో శనివారాల్లో ఉచితంగా నేర్పుతారని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఉద్యోగమంతా టెండర్లు రాసినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. సత్యమ్మ భర్త బాలమల్లు తన ఆటోలో ఇద్దరినీ తీసుకెళ్లాడు. క్లాసు అయ్యేదాకా ఆటోలో కునుకు తీసి, అయ్యాక "ఏం జెప్పిన్రు?" అని అడగడం ఆయన వంతు.

నేర్పే అమ్మాయి పేరు శ్రీజ. కీసర పిల్ల, మాట పదును. మొదటిరోజే చెప్పింది. "మీరు బిచ్చం అడుగుతలేరు. ఒక పని చేస్తున్నరు, అందులకు వాళ్లను కూడ రమ్మని పిలుస్తున్నరు. వచ్చేటోళ్లకు దారి తెల్వాలె గద. ఇబ్బందేంది, ఎవరికి, మీరేం చేస్తరు, చేస్తే ఏం మారుతది, ఎంత ఖర్చయితది. గంతే."

ముందుగా ఇబ్బంది గురించి ఒక పేజీ రాయమంది. నేను మూడు పేజీలు రాశాను. "గ్రీష్మతాపమునకు తాళలేక విలవిలలాడుచున్న పసికందుల ఆక్రందనలు" అని మొదలుపెట్టి, కంపెనీలో ఎన్నడూ వాడే అవకాశం రాని మాటలన్నీ గుమ్మరించాను. శ్రీజ ఓపిగ్గా చదివి, "సార్, ఇంతకూ మీ షెడ్డుల ఎంతమంది పిల్లలున్నరు?" అంది. మూడు పేజీల్లో ఆ సంగతి లేదు.

సత్యమ్మ ఐదో తరగతి దాకా చదివింది. నిదానంగా, గుండ్రంగా రాస్తుంది. ఆమె కాగితం మీద రెండే వాక్యాలు. "పిల్లలు మంచిగున్నరు. ఎండకాలం జర ఉడుకుంటది."

శ్రీజ తల పట్టుకుంది. "అమ్మా, సారేమో మూడు పేజీలు ఏడ్చిండు. నువ్వు ఒక్క సుక్క రాలుస్తలేవు. మీ ఇద్దరినీ గ్రైండర్ల ఏస్తే మంచి ప్రపోజల్ వస్తది."

తిరిగి వస్తూ ఆటోలో అడిగాను, ఎందుకలా రాశారని. నాకు అప్పటికే ఒళ్లు మండుతోంది.

"ఏం రాయమంటరు సారూ? మా అవ్వ జెప్పేది, ఎవలన్న ఎట్లున్నవంటే మంచిగున్న అనాలెనని. లోపట ఏమున్న మనింట్లనే ఉండాలె. నేనిప్పుడు పిల్లలు గోస పడుతున్నరని రాస్తే, వాళ్ల తల్లులు సదివితే ఏమనుకుంటరు? సత్యమ్మ మా పోరగాళ్లను బజార్ల నిలబెట్టిందంటరు."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాను. "తెల్వకుంటే తెల్వకపాయె" అని మొహం అటు తిప్పుకుంది. ముందు సీట్లోంచి బాలమల్లు, "ఆమెకు జెప్పుడు నా తోని కాలే, మీ తోని అయితదా సారూ" అని నవ్వాడు.

అయినా శనివారం తరవాత శనివారం వెళ్లాం. నా విశేషణాలు ఒక్కొక్కటీ ఊడదీసింది శ్రీజ, పంటి డాక్టరులా. సత్యమ్మ చేత ఒక్కొక్క మాటా పలికించింది. వేసవిలో పిల్లలు మధ్యాహ్నం నిద్రపోలేరు, కొందరు మానేస్తారు, మానేసినవాళ్లు తల్లి పనిచేసే చోటికి వెళతారు. ఇంతవరకూ చెప్పింది. అన్వేష్ సంగతి మాత్రం "ఒక బాబుకు బాగలేకుండె" అన్న ముక్కతో సరిపెట్టింది. వేడి ఆపే సీలింగు, నాలుగు ఫ్యాన్లు, ఒక మరుగుదొడ్డి, సాయానికి ఒక ఆయమ్మ. మా కోరికల జాబితా అంతే.

చివర్లో ఒక గడి దగ్గర తగువు పడ్డాం. 'స్థానికుల వాటా' అని ఉంది. ఊళ్లోవాళ్లు మీ పనికి ఏమేం ఇస్తున్నారో రాయాలి. శ్రమైనా సరే, వస్తువైనా సరే.

"ఊరోళ్లేమిచ్చిన్రు సారూ? నేను ఎవల్నీ ఏం అడగలే. వాళ్లియ్యలే. లేంది రాస్తే అబద్ధమైతది."

ఏదో ఒకటి రాద్దామని నేను, వద్దని ఆమె. చివరికి 'ఏమీ లేదు' అని పెట్టి పంపించాం. నగరంలోని ఒక ఫౌండేషన్‌కు వెళ్లింది మా ప్రపోజల్. శ్రీజకు ఆ గడి నచ్చలేదు, కానీ గడువు అయిపోవస్తోంది.

మార్చి మొదట్లో జవాబు వచ్చింది. ఫౌండేషన్ తరఫున సాయిప్రియ అనే అధికారి స్వయంగా షెడ్డు చూడ్డానికి వస్తున్నారు. ఆవిడ చూసి సరేనంటేనే గ్రాంటు. నేను సత్యమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "ఉన్నది ఉన్నట్టు ఉంచండి. ఏమీ మార్చకండి. షెడ్డు ఎలా ఉందో ఆవిడ కళ్లారా చూడాలి." అప్పటికి ఎండ బాగా ముదిరింది. మధ్యాహ్నం వస్తే రేకులే మా తరఫున మాట్లాడతాయని నా ధీమా.

"సరే సారూ" అంది. ఆ 'సరే'ను నమ్మడం నా బుద్ధితక్కువ.

ఆ రోజు నేను వెళ్లేసరికి దారి మలుపులోనే షామియానా కనిపించింది. వేరే ఎవరింట్లోనో పెళ్లనుకున్నాను. దగ్గరికెళితే అది మా షెడ్డే. గుమ్మానికి మామిడాకులు. చేతులు జోడించిన గండయ్య ఫోటోతో స్వాగతం ఫ్లెక్సీ. లోపల ఎర్ర తివాచీ. రెండు పక్కలా నిలువు ఫ్యాన్లు, మూలన ఒక పెద్ద కూలరు బుసలు కొడుతోంది. నట్టనడుమ బంగారు రంగు చేతులున్న పెళ్లి సోఫా, వధూవరులను కూర్చోబెట్టేది. పిల్లలందరికీ పండగ బట్టలు. చల్లటి గాలికి సుఖంగా నిద్రపోతున్నారు. షెడ్డు వెనక బగారా అన్నం, కోడికూర ఘుమఘుమలాడుతున్నాయి.

"ఏంటండీ ఇది?" అన్నాను.

కొత్త చీరలో సత్యమ్మ వెలిగిపోతోంది. "మేడమ్ వస్తాంది గద సారూ. ఊరంత తిరిగి తెచ్చిన. మంచిగున్నదా?"

తిడదామని నోరు తెరిచాను. అప్పటికే కారు వచ్చి ఆగింది.

సాయిప్రియకు ముప్పయ్యేళ్లుంటాయి. చేతిలో మా ప్రపోజల్ కాగితాలు. పెళ్లి సోఫాలో కూర్చోబెడితే ఇబ్బందిపడుతూ ఒక అంచున కూర్చుంది. కాగితం చూసింది. కూలరు వైపు చూసింది. మళ్లీ కాగితం చూసింది. "ఫ్యాన్లు లేవని రాశారు" అంది. "ముందుగాల తినున్రి మేడమ్, మాటలు ఎనక" అని సత్యమ్మ పళ్లెం చేతిలో పెట్టింది. నేను ఏదో చెప్పబోతే నా చేతిలోనూ ఒక పళ్లెం పెట్టింది. పోయింది, అంతా పోయిందనుకుంటూ తిన్నాను. కూర చాలా బాగుంది, అది ఇంకా కోపం తెప్పించింది.

సాయిప్రియ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుందో లేదో, టెంట్ హౌస్ యాదగిరి ట్రాలీ ఆటో వేసుకుని దిగాడు. "అక్కా, ఇగ సోఫా ఇచ్చెయ్."

"జర ఆగురా. మేడమ్ పోనీ."

"పొద్దుగాల్నే జెప్పిన గద అక్కా. రావల్కోల్‌ల రిసెప్షనున్నది. పెండ్లిపిల్ల యాడ కూసుంటది?"

సాయిప్రియ చటుక్కున లేచి నిలబడింది. సోఫా వెళ్లింది, వెనకే తివాచీ. అదయ్యాక పక్కింటి ఆమని వచ్చింది, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే తన మొగుడు ఉక్కకు లేచి కూర్చున్నాడని. కూలరు వెళ్లింది. టిఫిన్ సెంటరువాళ్లు వచ్చి ఫ్యాన్లు తీసుకెళ్లారు. సత్యమ్మ ఒక్కొక్కరినీ సైగలతో ఆపబోయి ఆపలేక, చివరికి ఉత్త సిమెంటు నేల మీద తలవంచుకుని నిలబడింది. ఆమెనలా చూసి నాకు కోపం చప్పున చల్లారింది.

"ఇవేవీ మీవి కావా?" అంది సాయిప్రియ.

"కావు మేడమ్."

"మరెందుకు తెచ్చారు?"

"మీరింత దూరం మాకోసమొస్తాంటే ఉత్త నేల మీద కూసుండబెడతమా? సుట్టమొచ్చిన్నాడు ఉన్నది పెట్టాలె గని లేంది సూపెడతమా?"

"నేను లేనిది చూడటానికే వచ్చానండీ" అంది సాయిప్రియ మెల్లగా.

అప్పటికే రేకుల వేడి కిందికి దిగుతోంది. నిద్రలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే కదిలారు. ఒకడు లేచి ఏడుపందుకున్నాడు. సత్యమ్మ ఇక చుట్టాన్ని మర్చిపోయి రోజూ చేసే పనిలో పడింది. గోనెపట్టాల మీద నీళ్లు చల్లింది. గుడ్డలు తడిపి చిన్న చిన్న తలల మీద వేసింది. అన్వేష్ వచ్చి ఆమె ఒళ్లోకి ఎక్కాడు. సాయిప్రియ నేల మీద ఆమె ఎదురుగా కూర్చుంది. చున్నీతో మెడ తుడుచుకుంది. ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లనేమో, సత్యమ్మే చెప్పింది.

"గీ పోరడే మేడమ్. పోయిన ఎండకాలం నా ఒళ్లనే పండుకున్నడు. నిద్రవొయిండనుకున్న. లేపితే లేస్తలేడు. వాళ్లమ్మ ఫ్యాక్టరీల ఉన్నది, నా మీద ఏసిపోయింది. ఆమెకు నేనేం జెప్పాలె?" వాడి తల మీది తడిగుడ్డ సర్దింది. "దవఖానల కండ్లు తెరిచిండు గని, గా దినం సంది నాకు పగటిపూటయితే బుగులు, భయం. పండుకున్నోళ్ల ముక్కు కాడ సెయ్యి పెట్టి పెట్టి సూస్త. గిట్ల నా తోని కాదు మేడమ్. మూసేస్తనంటి. మూసేస్తే వీళ్లు ఇసుకల పడతరు. అది సూసుడు కూడ నా తోని కాదు."

అన్ని నెలలు పక్కన కూర్చున్నాను. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసే సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. నా మూడు పేజీల ఆక్రందనలు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

కాసేపటికి సాయిప్రియ కాగితాలు తిప్పి ఆ గడి దగ్గర వేలు పెట్టింది. "ఊరివాళ్లు ఏమీ ఇవ్వడం లేదని రాశారు."

"ఇస్తలేరు మేడమ్. నిజమే రాసినం."

ట్రాలీకి తాడు కడుతున్న యాదగిరి అక్కణ్ణుంచే అందుకున్నాడు. "ఇస్తలేమా అక్కా? మరి గీ సోఫా ఏంది?"

"అది మేడమ్ కోసమిచ్చిన్రు."

"మేడమెవలో మాకేమెరుక? నువ్వడిగినవ్, ఇచ్చినం. ఇన్నేండ్ల సంది మా పిల్లలను సూస్తున్నవ్, ఎన్నడన్న ఒక్కటి అడిగినవా? ఇయ్యాల్నే గద మొదటిసారి మా ఇంటికొచ్చి అడిగింది."

నాకు అప్పుడు వెలిగింది. అడగడం రాని ఈ మనిషి ఆ పొద్దున్న ఊరంతా గడపగడపకూ తిరిగి అడిగింది. ఒక్కరూ లేదనలేదు.

సాయిప్రియ లేచి, "ఆ గడి మళ్లీ నింపి పంపండి" అంది. "అది ఖాళీగా ఉంటే మావాళ్లకు ఇది ఒక్క మనిషి మోస్తున్న బరువులా కనిపిస్తుంది. ఆ ఒక్కరూ అలిసిపోతే అంతా ఆగిపోతుందని భయపడతారు. మీరు ఒక్కరు కాదని నేను చూశాను. మిగతావాళ్లకు కాగితం మీద కనబడాలి."

మర్నాడు నా ల్యాప్‌టాప్ పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. సత్యమ్మ మళ్లీ ఊరు తిరిగి వచ్చింది, ఈసారి పిల్లల కోసం. ఎవరెవరు ఏం ఇస్తామన్నారో ఒక్కొక్కటీ చెబుతోంది. షెడ్డు పదేళ్లపాటు వాడుకోవచ్చని గండయ్య సంతకం. యాదగిరివి చాపలు. ఆమని, ఆమె తోడికోడలు వంతులవారీగా వంట. టిఫిన్ సెంటరునుంచి పొద్దుటి ఇడ్లీలు. సామాన్లు తేవడానికి బాలమల్లు ఆటో రాయబోతే వద్దంది. ఎందుకని నేను అడగలేదు, ఆ ముక్క వదిలేశాను. రాస్తూ పోయాను. గడి చాలక ఇంకో పేజీ పెట్టాను.

నా పేరు ఆమె చెప్పలేదు. ఆ శనివారాలన్నీ, ఆ తిరుగుళ్లన్నీ ఎక్కడా లేవు. నేనూ అడగలేదు. స్థానికులని పైన రాసి ఉంది కదా, నేను ఆంధ్రా సారును. ఉక్రోషం దిగమింగుకుని పంపే మీట నొక్కాను. ఇంటికెళ్లి మా ఆవిడ మీద ఊరికే విసుక్కున్నాను.

గ్రాంటు మంజూరైంది. ఏప్రిల్ ఎండలు పట్టుకునేలోగా రేకుల కింద తెల్లటి సీలింగు పడింది, ఫ్యాన్లు తిరిగాయి. ఆయమ్మ ఇంకా దొరకలేదు. మరుగుదొడ్డి మేస్త్రీ రేపు రేపంటున్నాడు. అయినా ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పిల్లలందరూ ఒళ్లెరక్కుండా నిద్రపోతున్నారు. సత్యమ్మ ఒక మూల బియ్యం ఏరుతోంది. నేను కూర్చున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా లేచి వెళ్లి ఎవరి ముక్కు దగ్గరా చెయ్యి పెట్టలేదు.

కొత్తగా ఫ్యాక్టరీలో చేరిన ఒక తల్లి బిడ్డను దింపడానికి వచ్చి, నన్ను చూసి కొంగు సర్దుకుంది. "ఆ సారెవలక్కా?"

"మా చలపతన్న" అంది సత్యమ్మ తలెత్తకుండా. "మా ఇంటి మనిషే."

ఆ అమ్మాయి వెళ్లాక ఉండబట్టలేకపోయాను. "మరి ఆ రోజు కాగితంలో నా పేరు చెప్పలేదేం సత్యమ్మగారూ?"

ఆమె చేట పక్కన పెట్టి నన్ను వింతగా చూసింది. "బయటోళ్లిచ్చినయి రాపిచ్చిన గని, ఇంటోళ్లయి ఎవలన్న రాపిస్తరా అన్నా? మా ఆయన ఆటో కూడ రాయొద్దంటి గద."

నాకు కళ్లు నిండిపోయాయి. ఎవరైనా చూస్తే చెమట అని చెబుదామనుకున్నాను. కానీ షెడ్డు చల్లగా ఉంది.